బోస్నియా నాయకుడు అలియా ఇజ్జత్‌బెగోవిచ్: చెరసాల నుంచి అధ్యక్ష పీఠం దాకా



మన ఇళ్లలో పిల్లలకు మహనీయుల జీవితాలు చెప్పేటప్పుడు సహాబాల గురించి, ఇమాముల గురించి, సలాహుద్దీన్ అయ్యూబీ లాంటి వీరుల గురించి చెబుతుంటాం. అది ఎంతో అవసరం. అయితే అవి విన్న పిల్లలు ఒక్కోసారి అడుగుతారు: అలాంటి మనుషులు మన కాలంలో లేరా? అని. ఆ ప్రశ్నకు జవాబుగా ఈ నెల ఐరోపా ఖండానికి చెందిన ఒక ముస్లిం జీవితాన్ని మీ ముందుంచుతున్నాం. ఆయన నవాబు కాదు, సేనాని కాదు. న్యాయశాస్త్రం చదివిన ఉద్యోగి, పుస్తకాలు రాసిన ఆలోచనాపరుడు. రెండుసార్లు చెరసాలకు వెళ్లి, చివరికి ఒక దేశానికి అధ్యక్షుడయ్యారు.

న్యాయం గురించి రాయడం ఒక ఎత్తు. మన వాళ్లను చంపుతున్న వారి పట్ల కూడా న్యాయం తప్పకుండా ఉండడం మరొక ఎత్తు. అలియా ఇజ్జత్‌బెగోవిచ్ జీవితంలో ఈ రెండూ ఎదురయ్యాయి. అందుకే ఆయన కథ మనకు అవసరం.

బోస్నియా ముస్లింలు

బోస్నియా ఐరోపా ఆగ్నేయ భాగంలో, కొండలు నదుల నడుమ ఉన్న చిన్న దేశం. 1463లో ఉస్మానియా సుల్తానుల పాలన అక్కడికి వచ్చింది. తర్వాతి కాలంలో స్థానిక ప్రజల్లో చాలామంది ఇస్లాం స్వీకరించారు. కనుక బోస్నియా ముస్లింలు ఎక్కడి నుంచో వలస వచ్చినవారు కాదు, ఆ నేల బిడ్డలే. పొరుగున ఉన్న సెర్బులు, క్రొయేట్లు మాట్లాడే భాషే వారూ మాట్లాడతారు. సెర్బులు ఆర్థొడాక్స్ క్రైస్తవులు, క్రొయేట్లు క్యాథలిక్ క్రైస్తవులు. 1878లో ఉస్మానియా పాలన పోయి ఆస్ట్రియా-హంగరీ పాలన వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బోస్నియా యుగోస్లావియాలో భాగమైంది.

అలియా పూర్వీకులు బెల్‌గ్రేడ్ నగరంలో ఉండేవారు. 1860లలో ఉస్మానియా సేనలు ఆ నగరం వదిలినప్పుడు వారు కూడా ఇల్లూ వాకిలీ వదిలి, సావా నది ఒడ్డున ఉన్న బొసాన్‌స్కి షామత్స్ పట్టణానికి వచ్చి స్థిరపడ్డారు. ఇజ్జత్ బేగ్ అనే పూర్వీకుని పేరు మీదనే ఇజ్జత్‌బెగోవిచ్ అనే ఇంటిపేరు వచ్చింది. 1925 ఆగస్టు 8న అలియా ఆ పట్టణంలోనే జన్మించారు.

తాతగారు చేసిన మేలు

ఆయనకు తాతగారి పేరే పెట్టారు. తాత అలియా గారు ఉస్మానియా సైన్యంలో ఉద్యోగం చేసేటప్పుడు ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్‌లో ఉండి, అక్కడి తుర్కీ మహిళను వివాహమాడారు. తర్వాత స్వస్థలానికి వచ్చి పట్టణానికి మేయర్ అయ్యారు. 1914లో సరయేవోలో ఒక సెర్బు యువకుడు ఆస్ట్రియా యువరాజును కాల్చి చంపాడు. అధికారులు కోపంతో ఎక్కడికక్కడ సెర్బులను పట్టుకోసాగారు. ఆ పట్టణంలో దాదాపు నలభై మంది సెర్బుల ప్రాణాలు ప్రమాదంలో పడ్డాయి. మేయర్‌గా ఉన్న తాతగారు వారి తరఫున నిలబడి వారిని కాపాడారు. వారు తన మతం వారు కాదు, తన కుటుంబాన్ని బెల్‌గ్రేడ్ నుంచి కదిలించిన జాతి వారే. అయినా నిరపరాధిని శిక్షించడం అన్యాయం కాబట్టి ఆయన అడ్డుపడ్డారు.

ఈ మేలు వృథా కాలేదు. ముప్పై ఏళ్ల తర్వాత, 1944లో, రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా పంతొమ్మిదేళ్ల మనవడు అలియా చెత్నిక్కులనే సెర్బు సాయుధులకు చిక్కారు. ముస్లిం యువకుడు వారి చేతికి చిక్కితే ప్రాణంతో బయటపడడం కష్టమైన రోజులవి. కానీ ఆయన ఎవరి మనవడో తెలిసిన స్థానిక సెర్బులు నాటి మేలు గుర్తుచేసుకుని ఆయనను విడిపించారు. సత్కార్యం ఏ రూపంలో, ఏ తరానికి తిరిగి అందుతుందో అల్లాహ్‌కే తెలుసు.

తల్లి మేల్కొలిపిన ఫజ్ర్

తండ్రి ముస్తఫా గారు మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ సరిహద్దులో తీవ్రంగా గాయపడ్డారు. ఆ గాయాల బాధ జీవితాంతం వెంటాడింది. వ్యాపారం దెబ్బతిని దివాలా తీశాక, 1928లో కుటుంబం సరయేవో నగరానికి మారింది. అలియాకు అప్పుడు మూడేళ్లు.

తల్లి హిబా గారు దైవభక్తి గల ఇల్లాలు. ఆమె ఫజ్ర్ వేళకు లేచి కొడుకును కూడా నిద్రలేపి వాడలోని మసీదుకు పంపేవారు. చిన్న పిల్లవాడికి ఆ చలిలో లేవడం ఇష్టముండేది కాదు. కానీ మసీదు నుంచి తిరిగివస్తుంటే సూర్యోదయం కనిపించేది, మనసు తేలికపడేది. ఆ మసీదులో వృద్ధ ఇమాం గారు రెండవ రకాతులో సూరా అర్‌రహ్మాన్ పారాయణం చేసేవారు. ఆ ఉదయాల జ్ఞాపకం ఆయన వెంట జీవితమంతా నడిచింది. తల్లులారా, గమనించండి. ఒక దేశాధ్యక్షుని విశ్వాసానికి పునాది పడింది పెద్ద విశ్వవిద్యాలయంలో కాదు, తెల్లవారుజామున తల్లి పిలిచిన పిలుపులో!

పదిహేనేళ్ల వయసులో ఆయన విశ్వాసం ఊగిసలాడింది. అప్పట్లో సరయేవో పాఠశాలల్లో కమ్యూనిస్టు సాహిత్యం విరివిగా తిరిగేది. దేవుడు, మతం అనేవి పేదలను మభ్యపెట్టే సాధనాలని ఆ పుస్తకాలు చెప్పేవి. కానీ దేవుడు లేని ప్రపంచానికి అర్థమేమిటన్న ప్రశ్న ఆయనను వదలలేదు. ఒకటి రెండేళ్లలో ఆయన తిరిగి విశ్వాసంలోకి వచ్చారు. ఈసారి తాతముత్తాతల ఆచారంగా కాక, తాను ఆలోచించి ఎంచుకున్న మార్గంగా వచ్చారు. అదే వయసులో కాంట్, బెర్గ్‌సన్, స్పెంగ్లర్ వంటి ఐరోపా తత్వవేత్తలను కూడా చదివారు. ప్రశ్న వేసిన పిల్లవాణ్ణి కసిరి నోరు మూయించడం కంటే, అతనికి చదువుకునే అవకాశమిచ్చి ఓపిక పట్టడం మేలని ఈ సంఘటన మనకు చెబుతుంది.

మొదటి చెర

ఆ రోజుల్లోనే ఆయన ‘ముస్లిం యువకులు’ అనే సంస్థలో చేరారు. యుద్ధం ముగిశాక యుగోస్లావియాలో టిటో నాయకత్వాన కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. మతం పేరుతో సంఘటితం కావడం ఆ ప్రభుత్వం దృష్టిలో నేరం. 1946లో అలియా అరెస్టయ్యారు. సైనిక న్యాయస్థానం మూడేళ్ల శిక్ష విధించింది. ఇరవై ఒక్క సంవత్సరాల యువకుడు చెరలో శరీరశ్రమ చేస్తూ గడిపారు.

1949లో ఆయన విడుదలైన కొద్ది నెలలకే అదే సంస్థపై మరింత పెద్ద కేసు నడిచింది. నలుగురు యువకులకు మరణశిక్ష పడింది. ముందే శిక్ష అనుభవించి రాకపోతే ఆయన కూడా ఆ వరుసలో ఉండేవారేమో. మనకు కీడుగా తోచిన దానిలో అల్లాహ్ ఎంత మేలు దాచి ఉంచుతాడో మనకు తెలియదు.

నిర్మాణ స్థలంలో ఉద్యోగం

విడుదలయ్యాక ఆయన హలీదా గారిని వివాహమాడారు. వారికి లైలా, సబీనా, బాకిర్ అని ముగ్గురు సంతానం. మొదట మూడేళ్లు వ్యవసాయశాస్త్రం చదివి, తర్వాత న్యాయశాస్త్రానికి మారి 1956లో పట్టా పొందారు. బతుకుతెరువు కోసం ఒక నిర్మాణ సంస్థలో చేరారు. మాంటెనీగ్రో కొండల్లో పెరుచిత్స జలవిద్యుత్ కేంద్రం నిర్మిస్తున్నప్పుడు ఇంజనీర్లు, కూలీల నడుమ ఏళ్ల తరబడి పనిచేశారు. తర్వాత సరయేవోలో న్యాయ సలహాదారుగా ఉన్నారు. పగలు ఉద్యోగం, రాత్రి చదువు, రచన. ఇలా పాతికేళ్లకు పైగా గడిచాయి. ధర్మసేవ చేయాలంటే సంసారం, ఉద్యోగం వదులుకోవాలని అనుకునేవారికి ఈ పాతికేళ్లు ఒక సమాధానం.

1970లో ఆయన ‘ఇస్లామీయ ప్రకటన’ అనే చిన్న పుస్తకం వెలువరించారు. ముస్లిం ప్రపంచం వెనుకబాటుకు కారణాలేమిటి, విద్య ద్వారా, నైతిక సంస్కరణ ద్వారా అది ఎలా లేచి నిలబడాలి అన్నది దాని విషయం. అందులో బోస్నియా పేరు గానీ యుగోస్లావియా పేరు గానీ ఎక్కడా లేదు. అయినా పదమూడేళ్ల తర్వాత అదే పుస్తకం ఆయన మెడకు చుట్టుకుంది.

దూలాల మధ్య దాగిన పుస్తకం

ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది ‘తూర్పు పడమరల నడుమ ఇస్లాం’ అనే గ్రంథం వల్ల. దీని కథే ఒక కథ. 1946లో అరెస్టు కావడానికి ముందే ఆయన దీని తొలి ప్రతి రాసుకున్నారు. అరెస్టయ్యాక సోదరి ఆ కాగితాలను ఇంటి అటకమీద దూలాల మధ్య దాచిపెట్టారు. ఎన్నో ఏళ్లకు అవి సగం పాడైన కట్టగా బయటపడ్డాయి. ఆయన వాటిని పెంచి, సరిదిద్ది, టైపు చేసి కెనడాలోని ఒక మిత్రునికి పంపారు. 1984లో అమెరికాలో అది అచ్చయ్యే నాటికి రచయిత మళ్లీ చెరసాలలో ఉన్నారు!

ఇందులో తూర్పు, పడమర అన్నవి దిక్కుల పేర్లు మాత్రమే కావు. మనిషి కేవలం దేహమని భావించే భౌతికవాదం ఒకవైపు, దేహాన్ని పట్టించుకోక ఆత్మనే చూసే సన్యాస ధోరణి మరొకవైపు. ఇస్లాం ఈ రెండింటి నడుమ నిలిచి మనిషిని సంపూర్ణంగా చూస్తుందని ఆయన వాదన. దీనికి ఆయన మనకు రోజూ తెలిసిన ఉదాహరణలే ఇస్తారు. నమాజు ఆత్మకు సంబంధించిన ఆరాధన. కానీ వుజూ చేయనిదే, దేహం శుభ్రం కానిదే అది చెల్లదు. జకాత్ కూడా ఆరాధనే. కానీ దాని ఫలం నేరుగా పేదవాడి పొయ్యికి చేరుతుంది. మనం రోజూ చేసే ఈ పనుల్లో ఇంత లోతు ఉందని ఆయన ఐరోపా విద్యావంతులకు వారి భాషలో, వారి తత్వవేత్తల సాక్ష్యంతో వివరించారు.

మరో ఉదాహరణ కూడా గమనించదగినది. ఆదిమానవుడు వేటకు పనిముట్లు చేసుకోవడాన్ని ఆకలితో, అవసరంతో వివరించవచ్చు. కానీ అదే మనిషి గుహ గోడలపై బొమ్మలు ఎందుకు గీశాడు? కడుపు నింపని బలులు ఎందుకు ఇచ్చాడు? అవసరం మాత్రమే మనిషిని నడిపిస్తే ఇవి ఉండకూడదు. మట్టికి మించినదేదో మనిషిలో ఉందనడానికి ఇవే ఆనవాళ్లని ఆయన తర్కం. ఈ గ్రంథం ఉర్దూతో సహా పలు భాషల్లోకి అనువాదమైంది.

రెండవ చెర

1983 మార్చి 23న పోలీసులు ఆయనను మళ్లీ అరెస్టు చేశారు. ఆయనతో కలిపి పదమూడు మందిపై విచారణ జరిగింది. ‘ఇస్లామీయ ప్రకటన’ను ప్రధాన ఆధారంగా చూపి, ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర అని అభియోగం మోపారు. 58 ఏళ్ల వయసులో ఆయనకు 14 సంవత్సరాల శిక్ష పడింది. పై న్యాయస్థానాల్లో అది తగ్గినా, ఫోచా పట్టణంలోని చెరసాలలో హంతకుల మధ్య ఏళ్లు గడపవలసి వచ్చింది.

అక్కడ ఆయన చదివిన వాటిపై, ఆలోచించిన వాటిపై చిన్న చిన్న వ్యాఖ్యలు రాసుకున్నారు. కాపలావారు చదివినా అర్థం కాకుండా చిన్న అక్షరాలతో రాసేవారు. మతం, ఇస్లాం, కమ్యూనిజం, స్వేచ్ఛ వంటి మాటలకు బదులు తనకు మాత్రమే తెలిసిన వేరే మాటలు వాడేవారు. తర్వాత ఈ రాతలే ‘స్వేచ్ఛలోకి నా పలాయనం’ అనే పుస్తకంగా వచ్చాయి. గోడలు దాటి పారిపోవడం అసాధ్యం కనుక ఆయన ఆలోచనలోకి పారిపోయారు. చెరలో ఉన్న తండ్రికి పిల్లలు రాసిన ఉత్తరాలు కూడా ఆ పుస్తకంలో చేరాయి. మనసును నిలబెట్టినవి ఆ ఉత్తరాలే.

తప్పు ఒప్పుకుని క్షమాభిక్ష కోరితే త్వరగా విడుదల చేస్తామన్న సూచన వచ్చింది. చేయని నేరానికి పశ్చాత్తాపం రాసివ్వడానికి ఆయన నిరాకరించారు. 1988 నవంబరు 25న, అయిదేళ్ల ఎనిమిది నెలల తర్వాత, బయటికి వచ్చారు.

అధ్యక్ష బాధ్యత

అప్పటికి కమ్యూనిస్టు వ్యవస్థ కూలిపోతోంది. 1990 మే నెలలో ఆయన, మిత్రులు కలిసి ‘ప్రజాస్వామ్య కార్యాచరణ పార్టీ’ స్థాపించారు. అదే ఏడాది నవంబరు ఎన్నికల తర్వాత ఏడుగురు సభ్యుల అధ్యక్ష మండలికి ఆయన అధ్యక్షుడయ్యారు. చెర నుంచి వచ్చి రెండేళ్లు మాత్రమే అయింది.

1991 జనాభా లెక్కల ప్రకారం బోస్నియాలో సుమారు 44 లక్షల మంది ఉన్నారు. అందులో ముస్లింలు 43 శాతానికి కొంచెం పైన, సెర్బులు 31 శాతం, క్రొయేట్లు 17 శాతం. స్లొవేనియా, క్రొయేషియా విడిపోయాక, బెల్‌గ్రేడ్ పెత్తనం కింద మిగిలిపోవడమా, స్వతంత్రం కావడమా అన్న ప్రశ్న ఎదురైంది. 1992 మార్చిలో దేశాన్ని జాతుల వారీగా విభజించే ఐరోపా పథకాన్ని ఆయన మొదట అంగీకరించి, తర్వాత వెనక్కి తగ్గారు. దీన్ని తప్పుపట్టేవారు నేటికీ ఉన్నారు. ఆ నెల మొదట్లో ముగిసిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో 99 శాతానికి పైగా స్వాతంత్ర్యం కోరారు. సెర్బుల్లో అత్యధికులు దాన్ని బహిష్కరించారు. ఏప్రిల్ 6న ఐరోపా దేశాలు బోస్నియాను గుర్తించాయి. అప్పటికే తుపాకులు పేలుతున్నాయి.

మే 2న లిస్బన్ చర్చల నుంచి తిరిగివచ్చిన అధ్యక్షుణ్ణి, ఆయన కుమార్తె సబీనాను యుగోస్లావియా సైన్యం సరయేవో విమానాశ్రయంలోనే నిర్బంధించింది. ఆ రాత్రి ఆయన టెలివిజన్‌లో ఫోను ద్వారా ప్రజలతో మాట్లాడి, తాను లేనప్పుడు బాధ్యత ఎవరు చూడాలో చెప్పారు. మర్నాడు ఒక సేనాని తరలింపుకు బదులుగా ఆయన విడుదలయ్యారు. అయితే ఒప్పందాన్ని కాదని, తరలిపోతున్న ఆ సైనిక వాహనాలపై బోస్నియా పక్షం సాయుధులు కాల్పులు జరిపారు. కొందరు సైనికులు మరణించారు.

ముట్టడిలో సరయేవో

చుట్టూ కొండలమీద ఫిరంగులు, నడుమ లోయలో నగరం. సరయేవో ముట్టడి 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి వరకు, 1,425 రోజులు సాగింది. నీళ్లకు వరుసలో నిలబడ్డవారు, రొట్టెకు వరుసలో నిలబడ్డవారు కూడా చనిపోయారు. మృతుల సంఖ్యను గుర్తుచేస్తూ 2012లో నగర ప్రధాన వీధిలో 11,541 ఎర్ర కుర్చీలను ఖాళీగా పేర్చారు. 1992 ఆగస్టులో జాతీయ గ్రంథాలయం కాలిపోయింది. 1993 మేలో బన్యాలూకాలోని ప్రాచీన ఫర్హాదియా మసీదును నేలమట్టం చేశారు.

ఐక్యరాజ్యసమితి 1991లోనే యుగోస్లావియా అంతటికీ ఆయుధాల అమ్మకంపై నిషేధం విధించింది. పాత సైన్యం ఆయుధాలు సెర్బు సేనలకు దక్కాయి. కొత్తగా పుట్టిన బోస్నియా సైన్యం దాదాపు వట్టి చేతులతో మిగిలింది. 1993లో విమానాశ్రయం కింద సుమారు 800 మీటర్ల సొరంగం తవ్వారు. ఆహారం, మందులు, ఆయుధాలు, మనుషులు ఆ ఇరుకు దారిలోనే నగరానికి చేరాయి. వృద్ధ అధ్యక్షుడు కూడా ఆ సొరంగం గుండానే ప్రయాణించారు.

అసలు పరీక్ష

పాఠకులారా! ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఒక జాతి పట్ల ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదని సూరా మాయిదా ఎనిమిదవ ఆయతు బోధిస్తోంది. ఇది శాంతి కాలంలో చదవడానికి సులభమైన ఆయతు. కొండమీది నుంచి గుండ్లు పడుతున్నప్పుడు ఆచరించడం ఎంత కష్టమో సరయేవో ప్రజలకు తెలుసు.

ఇజ్జత్‌బెగోవిచ్ ప్రభుత్వంలో, అధ్యక్ష మండలిలో సెర్బులు, క్రొయేట్లు యుద్ధకాలంలోనూ కొనసాగారు. సైన్యం ఉపసేనానుల్లో యొవాన్ దివ్యాక్ అనే సెర్బు ఉన్నారు. నగర ముస్లింలు ఆయనను తమ వాడిగానే చూసుకున్నారు. మసీదులు కూలుతున్నా సరయేవోలోని పెద్ద చర్చీలు నిలిచే ఉన్నాయి.

అయితే మచ్చలు లేవని అనడం సత్యం కాదు. నగరాన్ని కాపాడుతున్నామన్న పేరుతో ఒక ముస్లిం దళ నాయకుడు, అతని మనుషులు సరయేవోలోని సెర్బు పౌరులను చంపి, కజానీ అనే కొండగుంటలో పడవేశారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం అతనిపై బలగాలను పంపింది. ఆ చర్యలో తొమ్మిది మంది పోలీసులు ప్రాణాలు కోల్పోయారు, ఆ నాయకుడూ హతుడయ్యాడు. ముట్టడిలో ఉన్న నగరం తన సొంత సాయుధులపైనే చర్య తీసుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఆ చర్య ఎందుకంత ఆలస్యమైందన్న ప్రశ్న మృతుల కుటుంబాలకు మిగిలే ఉంది. 2021లో ఆ చోట నగర పాలక సంస్థ స్మారకం నిర్మించింది. విదేశాల నుంచి వచ్చిన ముజాహిదుల్లో కొందరు బందీల పట్ల క్రూరంగా ప్రవర్తించారు. దాన్ని ఆపలేదన్న నేరానికి బోస్నియా సేనాధిపతి రసీమ్ దెలిచ్‌కు 2008లో హేగ్ న్యాయస్థానం మూడేళ్ల శిక్ష విధించింది. అధ్యక్షునిపై కూడా అక్కడ దర్యాప్తు జరుగుతుండేదని, మరణంతో అది ముగిసిందని ఆయన పోయాక తెలిసింది.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నామంటే, మన వాడని తప్పు దాచడం కూడా న్యాయం నుంచి తప్పడమే. తాతగారు నలభై మంది కోసం నిలబడింది ఈ సూత్రం మీదనే. మనవడికి అధికారమిచ్చిన పరీక్ష కూడా ఇదే. అందులో ఆయన చాలావరకు నిలిచారని, కొన్నిచోట్ల ఆయన చేయి అందలేదని మా అభిప్రాయం.

చేదు ఒప్పందం

1995 జులైలో, ఐక్యరాజ్యసమితి రక్షిత ప్రాంతంగా ప్రకటించిన స్రెబ్రెనిత్సాలో సెర్బు సేనలు 8,000 మందికి పైగా ముస్లిం పురుషులను, బాలురను చంపాయి. అంతర్జాతీయ న్యాయస్థానాలు దీన్ని జాతి నిర్మూలనగా తేల్చాయి. మొత్తం యుద్ధంలో సుమారు లక్ష మంది మరణించారు.

అదే ఏడాది నవంబరులో అమెరికాలోని డేటన్ సైనిక స్థావరంలో మూడు వారాలు చర్చలు జరిగాయి. దేశం ఒకటిగా మిగిలింది. కానీ 51 శాతం భూమి ముస్లిం-క్రొయేట్ సమాఖ్యకు, 49 శాతం సెర్బుల విభాగానికి దక్కాయి. స్రెబ్రెనిత్సా సెర్బుల విభాగంలోనే ఉండిపోయింది. ఆ భూమిలో తన ప్రజల సమాధులున్నాయని తెలిసి సంతకం చేయడం ఎంత భారమో ఊహించండి. ఇది న్యాయమైన శాంతి కాదని ఆయన దాచలేదు. యుద్ధం కొనసాగడం కంటే ఇది మేలని మాత్రమే భావించారు. డిసెంబరు 14న పారిస్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మరో తరం యువకులు చావకుండా ఆగింది.

చివరి మజిలీ

1996, 1998 ఎన్నికల్లో ఆయన ముగ్గురు సభ్యుల అధ్యక్ష మండలికి ఎన్నికయ్యారు. గుండె జబ్బు తీవ్రం కావడంతో 2000 అక్టోబరులో, 75 ఏళ్ల వయసులో, పదవి నుంచి స్వచ్ఛందంగా తప్పుకున్నారు. ఇస్లాం సేవకు గాను 1993లోనే ఆయనకు కింగ్ ఫైసల్ అంతర్జాతీయ పురస్కారం లభించింది.

2003 అక్టోబరు 19న ఆయన సరయేవోలో మరణించారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. వేలాది మంది జనాజాలో పాల్గొన్నారు. కొవాచీ శ్మశానంలో, యుద్ధంలో షహీదులైన యువకుల తెల్లని సమాధి రాళ్ల మధ్యే ఆయనను ఖననం చేశారు.

మనం నేర్చుకోవలసినది

ఈ జీవితంలో మన ఇళ్లకు పనికివచ్చే విషయాలు చాలా ఉన్నాయి. తల్లి ఫజ్ర్‌కు లేపడం, సోదరి కాగితాలు కాపాడడం, పిల్లలు ఉత్తరాలు రాయడం: ఒక మనిషి నిలబడడం వెనుక ఇల్లంతా నిలబడింది. విద్య, విశ్వాసం ఒకదానికొకటి శత్రువులు కావని ఆయన పుస్తకం చెబుతుంది. అన్నిటికీ మించి, న్యాయం మన వాళ్లకు మాత్రమే కొలిచే తూకం కాదని తాతగారి కథ చెబుతుంది. మనం కూడా భిన్న మతస్థుల నడుమ జీవిస్తున్నాం. పొరుగువాని కోసం ఈ రోజు నిలబడ్డ మన సాక్ష్యం రేపు మన మనవడికి రక్ష కావచ్చు. కాకపోయినా, అల్లాహ్ వద్ద అది వృథా పోదు.

అల్లాహ్ ఆయన సత్కార్యాలను స్వీకరించి, పొరపాట్లను మన్నించుగాక! ఇష్టులపట్ల, అయిష్టులపట్ల సమానంగా న్యాయం పాటించే భాగ్యం మనకు ప్రసాదించుగాక! ఆమీన్.